పేరు మార్చుకున్న ఎస్‌ఎస్‌డీ, తిరగని హార్డ్ డిస్కు: కంట్రోలర్ చిప్ మారిస్తే డేటా వస్తుందా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. గాజువాకలో మీ మావయ్యగారి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మొన్న కరెంటు రెండు మూడుసార్లు పోయి వచ్చింది. ఆ తర్వాత టాలీ లెక్కల డేటా ఉన్న 480 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలోనే డేటా దాచే డ్రైవ్) బయోస్‌లో, అంటే కంప్యూటర్ లేవగానే వచ్చే సెట్టింగుల తెరలో, దాని పేరుతో కాకుండా ఏదో వింత పేరుతో, 2 ఎంబీ సైజుతో కనిపిస్తోంది. అదే కంప్యూటర్లో ఉన్న పాత 1 టీబీ హార్డ్ డిస్కు అసలు తిరగడమే మానేసింది. షాపతను చూసి "రెండింటికీ కంట్రోలర్ పోయింది. ఎస్‌ఎస్‌డీకి చిప్ మార్చాలి, హార్డ్ డిస్కుకి అదే మోడల్‌ది ఇంకోటి కొని బోర్డు మార్చాలి" అన్నాడు. ఆ మాట నమ్మొచ్చా, కొత్తది కొనాలంటే ఏ కంట్రోలర్ ఉన్నది చూసుకోవాలి అని అడిగారు.

విశాఖ డాబాగార్డెన్స్‌లో మేడ మీద గదిలో ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్నది ఇదే పని. ముందు ఒక్క మాట. ఇది చదవడం అయ్యేదాకా ఆ ఎస్‌ఎస్‌డీని మళ్లీ కంప్యూటర్‌కి తగిలించకండి. ఎవరైనా "సాఫ్ట్‌వేర్‌తో బాగు చేసి ఇస్తాను" అన్నా ఇవ్వకండి.

ఇక షాపతని మాట. ఎస్‌ఎస్‌డీ విషయంలో అతను పొరబడ్డాడు. బయోస్‌లో కనిపిస్తున్న ఆ వింత పేరు ఎక్కడి నుంచి వస్తోంది? కంట్రోలర్ నుంచే, అంటే డ్రైవ్‌ని నడిపే చిప్ నుంచే. చచ్చిపోయిన చిప్ ఏ పేరూ చెప్పదు, అసలు కనిపించనే కనిపించదు. మీ కంట్రోలర్ బతికే ఉంది. కరెంటు రాగానే అది చేయాల్సిన మొదటి పని, పక్కనున్న, డేటా ఉండే నాండ్ చిప్‌లలో దాచిన తన ఫర్మ్‌వేర్‌నీ (తనని నడిపే ప్రోగ్రామ్‌నీ), ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టికనీ తెచ్చుకోవడం. అది తెచ్చుకోలేకపోయింది. అప్పుడు చిప్ లోపల ఫ్యాక్టరీలోనే చెక్కేసిన చిన్న ప్రోగ్రామ్ ఒక్కటే మిగులుతుంది. దానికి తెలిసింది చిప్ పేరూ, ఒక ఉత్తుత్తి సైజూ మాత్రమే. అదే మీకు కనిపిస్తోంది. బతికున్న చిప్‌ని పీకి అలాంటిదే ఇంకోటి పెడితే, ఆ కొత్తది కూడా అదే నాండ్‌ని చదవబోయి అక్కడే ఆగిపోతుంది.

పట్టిక అన్నాను కదా, అసలు కథంతా అక్కడే ఉంది. మీది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కాబట్టి పోర్టు కంటైనర్ యార్డు తెలిసే ఉంటుంది. వేల పెట్టెలు, అన్నీ ఒకేలా ఉంటాయి. ఏ పెట్టె ఎక్కడుందో గుమస్తా చిట్టాలో ఉంటుంది. ఇప్పుడు ఆ గుమస్తా రాత్రీ పగలూ పెట్టెల్ని అటూ ఇటూ మారుస్తూనే ఉంటాడనీ, పెట్టెల మీద నంబర్లు ఉండవనీ, చిట్టాని కూడా ఆ పెట్టెల్లోనే ఒకదాంట్లో దాస్తాడనీ అనుకోండి. ఎస్‌ఎస్‌డీ కంట్రోలర్ అంటే ఆ గుమస్తానే.

అతను ఊరికే మార్చడు. నాండ్ గుణం అలాంటిది. రాయడం పేజీల్లో, ఒక్కో పేజీ సాధారణంగా 16 కేబీ. చెరపడం మాత్రం వందల పేజీలున్న బ్లాకు మొత్తం ఒకేసారి. ఒక్క పేజీ చెరిపి అక్కడే తిరగరాయడం కుదరదు. అందుకని మీరు టాలీలో ఒక వోచరు సరిచేసి సేవ్ చేస్తే, కంట్రోలర్ కొత్త ముక్కని ఖాళీ ఉన్న వేరే చోట రాసి, పాతది చెల్లదని చిట్టాలో గుర్తు పెడుతుంది. దానికి తోడు ఒక్కో బ్లాకుని ఇన్నిసార్లే చెరపొచ్చని లెక్క. ఒక గడిలో మూడు బిట్లు ఇరికించే టీఎల్‌సీ రకానికి అది స్థూలంగా వెయ్యి నుంచి మూడు వేల సార్లు. అరుగుదల ఒక్కచోటే పడకుండా అన్ని బ్లాకులకీ పంచడం కూడా కంట్రోలర్ పనే. మూడు బిట్లంటే ఒకే గడిలో ఎనిమిది రకాల వోల్టేజీ మట్టాల్ని వేరు చేసి చదవాలి. గడి పాతబడేకొద్దీ ఆ మట్టాలు ఒకదానిమీదికి ఒకటి జారతాయి. అప్పుడు తప్పుగా చదివిన బిట్లని లెక్కలు కట్టి సరిచేయడమూ దాని నెత్తినే ఉంది. ఇన్ని పనులున్నాయి కాబట్టే గోరంత చిప్‌లో ఒకటికి మించి ప్రాసెసర్ కోర్లు పెడుతుంటారు.

చిట్టా ఎంత పెద్దదో మీ డ్రైవ్ లెక్కలోనే చూద్దాం. 480 జీబీని 4 కేబీ ముక్కలు చేస్తే దాదాపు 11.7 కోట్ల ముక్కలు. ఒక్కో ముక్క చిరునామాకి 4 బైట్లు వేసుకున్నా చిట్టా ఒక్కటే సుమారు 470 ఎంబీ. ఖరీదైన ఎస్‌ఎస్‌డీల్లో దీన్ని పెట్టుకోవడానికి విడిగా డీరామ్ (వేగంగా పనిచేసే తాత్కాలిక మెమరీ) చిప్ ఉంటుంది. చవకవాటిలో ఉండదు. కంట్రోలర్ తన లోపలున్న కొద్దిపాటి మెమరీలో కావలసిన పేజీ మాత్రం తెచ్చుకుని, పని అవగానే మళ్లీ నాండ్‌లో రాసేస్తుంది. డీరామ్ ఉన్నా లేకపోయినా, చిట్టాలో మార్పులు నాండ్‌లోకి ఎక్కుతున్న క్షణంలోనే కరెంటు పోతే చిట్టా సగం పాతదీ సగం కొత్తదీ అవుతుంది. సర్వర్ల కోసం చేసే ఎస్‌ఎస్‌డీల్లో కరెంటు పోయినా ఆ రాత పూర్తయ్యేంతసేపు నిలబెట్టే కెపాసిటర్లు వరసగా ఉంటాయి. మనం ఇంటికీ ఆఫీసుకీ కొనేవాటిలో దాదాపుగా ఉండవు. మీ దానికి జరిగింది ఇదే అని నా అనుమానం. లేదంటే ఫర్మ్‌వేర్ దాచిన బ్లాకే అరిగిపోయి, కరెంటు పోయి రావడం ఒక సాకు అయి ఉండొచ్చు. రెండింటికీ లక్షణం ఒకటే.

కాబట్టి పెట్టెలు, అంటే మీ టాలీ డేటా, చాలావరకు యార్డులోనే ఉన్నాయి. ఇప్పుడు వాటిని ఎవరు ముట్టుకుంటున్నారన్నదే నా భయం. "సాఫ్ట్‌వేర్‌తో బాగు చేస్తా" అనేవాళ్లు వాడేది ఎంపీ టూల్ అనే ప్రోగ్రామ్. ఎస్‌ఎస్‌డీలు తయారయ్యే ఫ్యాక్టరీలో కొత్త డ్రైవ్‌కి ఫర్మ్‌వేర్ ఎక్కించేది అదే. దాన్ని నడిపితే నిజంగానే డ్రైవ్ బాగవుతుంది, అసలు పేరుతో, పూర్తి 480 జీబీతో కళకళలాడుతూ కనిపిస్తుంది. కాకపోతే పాత చిట్టా చింపేసి, అన్ని పెట్టెలూ ఖాళీ అని కొత్త చిట్టా మొదలుపెడుతుంది, చాలాసార్లు బ్లాకులు కూడా చెరిపేస్తుంది. అలా "బాగుచేసిన" డ్రైవ్ పట్టుకుని నా దగ్గరికి ఏడుపు మొహంతో వచ్చినవాళ్లు ఎంతమందో. వాళ్లకి నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

నాండ్ చిప్‌లు ఊడదీసి నేరుగా చదవచ్చు కదా అని మీ మిత్రుడు అన్నాడన్నారు. పాత పెన్‌డ్రైవ్‌లకి అది పనిచేసేది. ఇప్పటి కంట్రోలర్లు రాసేముందు డేటాని కలగాపులగం చేసి రాస్తాయి, ఒకే రకం బిట్లు వరసగా పడితే గడులు చెడతాయి కాబట్టి. వాటిలో చాలా మోడళ్లు ఏఈఎస్ గుప్తీకరణ కూడా చేస్తాయి, మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే. తాళంచెవి ఆ కంట్రోలర్ దగ్గరే ఉంటుంది. షాపతను చెప్పినట్టు చిప్ పీకేస్తే తాళంచెవిని కూడా పారేసినట్టే.

సరైన దారి ఇదీ. బోర్డు మీద రెండు చిన్న చుక్కల్ని కలిపి కరెంటు ఇస్తే కంట్రోలర్ నాండ్ జోలికి పోకుండా ఊరికే లేచి కూర్చుంటుంది. అప్పుడు పీసీ-3000 లాంటి డేటా రికవరీ పరికరంతో దాని మెమరీలోకి వేరే చిన్న ప్రోగ్రామ్ ఎక్కించి, నాండ్‌లో ఏమీ రాయకుండా చదువుతూ, చిట్టాని మన కంప్యూటర్లో తిరిగి కట్టుకుని డేటా కాపీ తీస్తాం. ఇది ఆ కంట్రోలర్ మోడల్‌కీ ఆ నాండ్‌కీ సపోర్ట్ ఉంటేనే కుదురుతుంది. సిలికాన్ మోషన్, ఫైసన్ అనే కంట్రోలర్ కంపెనీల పాత మోడళ్లు చాలావాటికి ఉంది. కొత్త ఎన్‌వీఎంఈ (మదర్‌బోర్డు స్లాట్‌లో నేరుగా దిగే వేగం రకం) వాటిలో చాలావాటికి లేదు. అందుకే మీ ఎస్‌ఎస్‌డీ బయట స్టిక్కర్ నాకక్కర్లేదు. మూత తీసి, లోపల ఉన్న పెద్ద నల్ల చిప్ మీద అక్షరాలు ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు. ఎవరి దగ్గరికి వెళ్లినా, డేటా రాకపోతే డబ్బు తీసుకోరని ముందే కాగితం మీద రాయించుకోండి.

ఫర్మ్‌వేర్ వల్ల చిక్కుల్లో పడటం చవక సరుకుకే పరిమితం కూడా కాదు. 2011లో ఇంటెల్ 320 సిరీస్ ఎస్‌ఎస్‌డీలు కొన్ని, కరెంటు హఠాత్తుగా పోయి వస్తే 8 ఎంబీ సైజు చూపించేవి. ఇంటెల్ ఒప్పుకుని కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది. 2019లో సర్వర్లు అమ్మే హెచ్‌పీఈ కంపెనీ తన సర్వర్ ఎస్‌ఎస్‌డీలు కొన్నింటి గురించి హెచ్చరిక పంపింది: ఫర్మ్‌వేర్ మార్చకపోతే సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకి, అవి పోతాయి, డేటా కూడా రాదు అని. ఆ అంకె చూడగానే ప్రోగ్రాములు రాసేవాళ్లకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. ప్లస్ మైనస్ గుర్తుతో కలిపి 16 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. ఒక సర్వర్లో డ్రైవులన్నీ ఒకే రోజు బిగిస్తారు కాబట్టి అన్నీ ఒకే గంటకి పోతాయి. ఒక డ్రైవ్ పోయినా డేటా మిగిలేలా కొన్నింటిని జత చేసే రెయిడ్ పెట్టుకున్నాం, భయం లేదనుకున్నవాళ్లకి కూడా దిక్కుండదు.

ఇక హార్డ్ డిస్కు. ఇక్కడ షాపతని మాటలో కొంత నిజం ఉంది కానీ అతను తొందరపడ్డాడు.

1980లో సీగేట్ తెచ్చిన ఎస్‌టీ-506 డిస్కు 5 ఎంబీది. దాన్ని నడిపే కంట్రోలర్ విడిగా, కంప్యూటర్లో పెట్టే వేరే కార్డు మీద ఉండేది. 80ల మధ్యలో ఐడీఈ వచ్చి ఆ కంట్రోలర్‌ని డిస్కు ఒంటి మీదికే తెచ్చింది. ఆ కంట్రోలర్లని చిప్‌లుగా కుదించిన తొలి కంపెనీల్లో సిరస్ లాజిక్ ఒకటి. దాన్ని స్థాపించింది జంషెడ్‌పూర్‌లో పుట్టి ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివిన సుహాస్ పాటిల్. చిప్‌లనగానే తైవాన్, అమెరికా పేర్లే చెప్పుకుంటాం కానీ ఈ వ్యాపారం పునాదిలో మనవాడి చెయ్యి కూడా ఉంది. సరే, పక్కకి పోయాను.

మీ హార్డ్ డిస్కు వెనక పచ్చ బోర్డు మీద ముఖ్యంగా నాలుగు ఉంటాయి. పెద్ద చిప్ కంట్రోలర్. పక్కనే క్యాష్ మెమరీ. మోటారునీ, డేటా చదివి రాసే హెడ్‌ల చేతినీ నడిపే డ్రైవర్ చిప్ ఇంకోటి, ఎక్కువ కాలిపోయేది అదే. నాలుగోది ఎనిమిది కాళ్ల చిన్న రోమ్, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీ. బోర్డు మార్పిడి అంతా ఆ ఎనిమిది కాళ్ల దాని దగ్గరే చెడుతుంది. ఫ్యాక్టరీలో ఒక్కో డిస్కునీ విడిగా పరీక్షించి, ఈ హెడ్‌కి ఇంత సిగ్నల్ కావాలి, ఇది పళ్లెం మీద ఇంత ఎత్తులో ఎగరాలి లాంటి సర్దుబాట్లు అందులో రాస్తారు. ఎత్తు అంటే కొన్ని నానోమీటర్లే సుమా. పక్క డిస్కు బోర్డు తెచ్చి బిగిస్తే, ఒకరి కళ్లద్దాలు ఇంకొకరు పెట్టుకున్నట్టే. మోటారు తిరుగుతుంది, తర్వాత టక్కు టక్కుమని కొట్టుకుని ఆగిపోతుంది. పాతికేళ్ల కిందటి డిస్కులకి బోర్డు మార్పిడి నేరుగా పనిచేసేది, ఆ జ్ఞాపకంతోనే ఇప్పటికీ చెప్తుంటారు. ఇప్పుడు మార్చాలంటే పాత బోర్డు రోమ్‌ని హాట్ ఎయిర్‌తో తీసి కొత్త బోర్డు మీద అతికించాలి, లేదా ప్రోగ్రామర్‌తో చదివి కొత్తదాంట్లో రాయాలి. పైగా జత కుదరాల్సింది స్టిక్కర్ మీద మోడల్ పేరు కాదు, బోర్డు మీద అచ్చేసిన నంబరు.

కానీ అంతదాకా పోకముందు ఒకటి చూడండి. ఆ హార్డ్ డిస్కు తగిలిస్తే కంప్యూటరే ఆన్ కావడం లేదా, లేక ఆన్ అయి డిస్కు మాత్రం తిరగడం లేదా? మీరు అది రాయలేదు.

తగిలిస్తే కంప్యూటరే లేవకపోతే సంతోషించండి. కరెంటు ప్లగ్ దగ్గర బోర్డు మీద కందిపప్పు బద్దంత నల్ల ముక్కలు రెండు ఉంటాయి. టీవీఎస్ డయోడ్లు. ఒకటి 12 వోల్టుల లైనుకి, ఒకటి 5 వోల్టులకి. వోల్టేజీ హద్దు దాటితే అవి తాము షార్ట్ అయిపోయి వెనకున్న చిప్‌లని కాపాడతాయి. షార్ట్ అయింది కాబట్టి ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కి కరెంటిచ్చే పవర్ సప్లై, భయపడి ఆన్ కాదు. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, డిస్కుకి కరెంటు లేకుండా, డయోడు రెండు చివరలా ముల్లు పెట్టండి. ఆపకుండా బీప్ అంటే పోయినట్టే. దాన్ని తీసేస్తే చాలు, చాలాసార్లు డిస్కు మామూలుగా తిరుగుతుంది. ఇక కాపలా లేదు కాబట్టి మంచి ఎస్‌ఎంపీఎస్‌తో డేటా కాపీ చేసుకుని ఆ డిస్కుని పక్కన పెట్టేయాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అందరూ అద్దె జనరేటర్లు తెచ్చుకున్నారు. ఒక మందుల షాపాయన మూడు హార్డ్ డిస్కులు చేతి సంచిలో వేసుకుని వచ్చాడు. జనరేటర్ వేయగానే మూడూ పోయాయట. మూడింటికీ 12 వోల్టుల డయోడే. టంకం కాడతో మూడూ తీయడానికి పది నిమిషాలు పట్టలేదు. ఆయన నమ్మలేక, డబ్బులిచ్చేముందు బిల్లుల ఫోల్డర్ మూడుసార్లు తెరిపించి చూసుకున్నాడు.

కంప్యూటర్ లేచి డిస్కు మాత్రం తిరగకపోతే బోర్డు విప్పి తిరగేసి చూడండి, స్టార్ స్క్రూలు ఉంటాయి. మోటారుకీ హెడ్‌లకీ తగిలే చోట రాగి రంగో వెండి రంగో ఉండాల్సిన మచ్చలు నల్లబడి ఉంటే అది మన సముద్రపు గాలి పని. బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చే డిస్కుల్లో ఇది నాకు రోజూ కనిపించేదే. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బిగించండి. నవ్వకండి, దీనితోనే లేచి కూర్చున్నవి చాలా ఉన్నాయి. డ్రైవర్ చిప్ మీద చిన్న గుంట, కాలిన వాసన ఉంటే మాత్రం అప్పుడు బోర్డు మార్పిడి, రోమ్‌తో సహా. తిరుగుతూ టక్కు టక్కుమంటే అది బోర్డు జబ్బు కాదు, హెడ్‌లది. ఇంట్లో మూత తీయొద్దు.

కొత్తది కొనడం గురించి. కంట్రోలర్ పేరు చూసుకుని కొనాలన్న మీ ఆలోచన మంచిదే కానీ ఒక చిక్కుంది. ఒకే పేరు, ఒకే డబ్బాతో ఈ ఏడాది ఒక కంట్రోలర్, వచ్చే ఏడాది ఇంకోటి పెట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. రివ్యూలో చూసిందీ మీ చేతికొచ్చిందీ ఒకటే కాకపోవచ్చు. శాంసంగ్ లాంటివాళ్లు కంట్రోలర్, నాండ్, డీరామ్ అన్నీ తామే చేసుకుంటారు. మిగతా బ్రాండ్లలో చాలామంది ఫైసన్, సిలికాన్ మోషన్, మాక్సియో, రియల్‌టెక్ లాంటివాళ్ల దగ్గర చిప్ కొని పైన స్టిక్కర్ వేస్తారు. ఈ నాలుగింట్లో ఏది గొప్పదని నన్ను అడిగితే, ఆ చిప్ కంటే దాని ఫర్మ్‌వేర్, పక్కనున్న నాండ్ ఎలాంటివి అన్నదే ముఖ్యం అంటాను.

మీ మావయ్యగారి టాలీకి వేగం అక్కర్లేదు. మదర్‌బోర్డులో ఎం.2 ఎన్‌వీఎంఈ స్లాట్ ఉంటే అదే తీసుకోండి. డీరామ్ లేని ఎన్‌వీఎంఈ కూడా చిట్టాలో కొంత భాగాన్ని కంప్యూటర్ ర్యామ్‌లోనే పెట్టుకోగలదు. కేబుల్‌తో తగిలించే సాటా రకానికి ఆ వీలు లేదు. అందుకే సాటాయే కొనాల్సి వస్తే డీరామ్ ఉన్నది చూసుకోండి. ఐదో తరం అంటూ అమ్మే అతి వేగం రకం మీకు దండగ. వాటి కంట్రోలర్లు వేడెక్కి పెద్ద హీట్‌సింక్ అడుగుతాయి, మన ఊరి మే నెలలో ఏసీ లేని గదిలో అది ఇంకో తలనొప్పి. అన్నట్టు, టాలీ బ్యాకప్ తీసిన ఎస్‌ఎస్‌డీని బీరువాలో ఏళ్ల తరబడి దాచకండి. అరిగిపోయిన స్థితికి వచ్చిన మామూలు ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక్క సంవత్సరం డేటా నిలిపితే చాలని జెడెక్ (చిప్ పరిశ్రమ ప్రమాణాల సంస్థ) ప్రమాణం. కొత్తదైతే అంతకంటే చాలా ఎక్కువ నిలుపుతుంది కానీ, దాచిపెట్టడానికి హార్డ్ డిస్కే నయం.

బ్యాకప్‌కి రోడ్డు పక్కన, ఆన్‌లైన్లో దొరికే "2 టీబీ" చవక పెన్‌డ్రైవ్ మాత్రం వద్దు. లోపల 32 జీబీ నాండ్ పెట్టి, 2 టీబీ అని చెప్పమని కంట్రోలర్‌కి నేర్పి అమ్ముతున్నారు. నిండేదాకా అంతా బాగానే కనిపిస్తుంది, తర్వాత రాసిందంతా గంగలో కలుస్తుంది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ డ్రైవ్ మొత్తం రాసి, చదివి నిజం చెప్తుంది. ఏది కొన్నా మొదటి రోజే నడపండి. కొత్త ఎస్‌ఎస్‌డీతో పాటు ఒక చిన్న యూపీఎస్ కూడా కొనండి, ఇన్వర్టర్ ఉన్నా సరే. కొన్ని ఇన్వర్టర్లు మారే ఆ కొన్ని మిల్లీసెకన్లలోనే కంప్యూటర్ ఆరి వెలుగుతుంది.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది హార్డ్ డిస్కు డయోడ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడటం, ఎస్‌ఎస్‌డీ చిప్ మీది అక్షరాలు ఫోటో తీయడం. పాత టాలీ బ్యాకప్ ఆ హార్డ్ డిస్కులోనే ఉందన్నారు కాబట్టి ముందు దాని సంగతి చూడండి. అది తిరిగితే బ్యాకప్ తేదీ ఎప్పటిదో చూసుకుని, ఎస్‌ఎస్‌డీ మీద డబ్బు పెట్టాలా వద్దా అన్నది అప్పుడు మావయ్యగారితో మాట్లాడొచ్చు.